మట్టల ఆదివారం నాటి గాడిద

నా చిన్నప్పుడు, ఎండలు ముదిరి అడవిలో ఇప్పపూలు రాలే రోజుల్లోనే మాకు మట్టల ఆదివారం వచ్చేది. ప్రభువు గాడిదనెక్కి ఊళ్లోకి వచ్చిన రోజని, ఈతమట్టలు పట్టుకుని చర్చికి వెళ్లేవాళ్లం. మాది దుమ్ముగూడెం దగ్గర అడవి అంచు ఊరు. వెదురు నరికే పనికి వెళ్లే మా తాతయ్య బాప్తిస్మం తీసుకున్నాక సారా మానేశాడు. కానీ చర్చికి వెళ్లే దారిలోనే ఆయన పాత స్నేహితులు కూర్చుని తాగే చోటు ఉండేది. ఒక ఏడు, ఆ పండుగకు ముందటి వారం ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆరాధన జరిగినంతసేపూ నానమ్మ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

మట్టల ఆదివారం నాడు చర్చి ఊడవడానికి నానమ్మ ముందే వెళ్లిపోయింది. తాతయ్య నా చంకలో ఈతమట్ట పెట్టి, నన్ను భుజాల మీదికి ఎక్కించుకున్నాడు.

"బిడ్డా, ఇయ్యాల నేనే గాడిదను. నా చెవులు గట్టిగ పట్టుకో. యాడన్న ఆగితే చర్చి దిక్కు తిప్పు" అన్నాడు.

నాకు అదొక ఆట. మలుపు దగ్గరికి రాగానే సారా వాసన గుప్పుమంది. స్నేహితుడొకాయన ఆకుదొప్ప ఎత్తి చూపించాడు. "ఏంది బావా, గట్లనే పోతున్నవ్? ఒక్క దొప్ప తాగి పో!"

తాతయ్య ఆగిపోయాడు. ఆయన మెడ చెమటతో తడిసిపోవడం నా కాళ్లకు తెలిసింది. ఒక అడుగు అటు వేశాడు కూడా. అంతలోనే, "తిప్పు బిడ్డా, జల్దీ తిప్పు" అన్నాడు.

ఉన్న బలమంతా పెట్టి చెవి మెలేశాను. ఆయన గాడిదలా ఓండ్రపెట్టి పరుగందుకున్నాడు. వెనక స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయనా నవ్వుతూ, చర్చి గుమ్మం దాకా ఓండ్రపెడుతూనే వచ్చాడు. పాస్టరు గారు పాట ఆపేశారు. నానమ్మ గబగబా బయటికొచ్చి, ఎర్రబడ్డ ఆ చెవి చూసి, సంగతి విని, ఆయన మొహం కొంగుతో తుడుస్తూ నవ్వింది, ఏడ్చింది.

నేను భుజాలకు బరువయ్యేదాకా ప్రతి ఆదివారం అట్లాగే వెళ్లాం. ఆ తర్వాత తాతయ్య, పిలిచినవాళ్లకు నవ్వుతూ చెయ్యి ఊపి, తన దారిన తాను నడిచిపోయేవాడు.

దేవుణ్ని అడిగిన నోటితోనే ఆయన నన్నూ సాయం అడిగాడు. చిన్నపిల్లనని చూడలేదు, సిగ్గుపడలేదు. నాకు మిగిలింది అదే. ఈ వయసులోనూ, మొన్న చెల్లెలి మీద పట్టరాని కోపం వచ్చి, ఫోన్‌లో నోటికొచ్చినవన్నీ అనబోయి, ఆ ఫోన్ తీసుకెళ్లి కోడలి చేతిలో పెట్టాను. "పొద్దుగూకేదాక నాకియ్యకు బిడ్డా" అన్నాను. ఆమె నవ్వి, దాన్ని బియ్యం డబ్బాలో దాచేసింది. సాయంత్రం చెల్లెలితో మాట్లాడాను. ఇద్దరం నవ్వుకున్నాం.