రోజు విడిచి రోజు, మూడు గంటలకు

పోయినవి ముందు రాస్తాను. పదకొండు పళ్ళు. కుడిచేతి రెండు వేళ్ళు వంగే శక్తి. ఏడు మేకలు. ఒక గుడిసె. అరమైలు దాకా వినిపించే ఒక గొంతు. ఇవన్నీ మల్లవ్వ అనే ముసలామెవి. నావేమీ పోలేదు. పదమూడేళ్ళుగా నన్ను నొక్కుతున్న బరువు అదే.

ఇది ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కనుక.

ఎనభైల నడుమ ఆత్మకూరు వైపు ఒక చిన్న దవాఖానలో స్లైడ్లు కడిగే పని నాది. జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి తీసిన రక్తం ఆ గాజుముక్కల మీదే వచ్చేది. మైక్రోస్కోపు చూడడం నాకెవరూ నేర్పలేదు. చూసి చూసి నేర్చుకున్నాను. చూసే ఉద్యోగి బదిలీ అయ్యాక ఆ స్టూలు మీద నేనే కూర్చున్నాను. ఒక్కో స్లైడుకు వంద ఫీల్డులు చూడాలి. ఫీల్డు అంటే ఒకసారికి కంటికి ఆనే గుండ్రటి మేర. మలేరియా క్రిమి ఎన్నవ ఫీల్డులో కనిపించిందో నేను రాసుకుంటూ పోయాను. దాదాపు ప్రతిసారీ మొదటి ఇరవై ఐదులోపే. మిగతా డెబ్బై ఐదూ దండగ అని తేల్చుకున్నాను. సొంతంగా కట్టిన లెక్క కదా, మురిసిపోయాను. 'దాదాపు' అన్న మాటను అంత తేలిగ్గా ఎలా మింగాను?

ఒక పల్లె నుంచి మూడు స్లైడ్లు వచ్చాయి. దూరదేశం కాలువ పనికి పోయివచ్చిన ముగ్గురు కూలీలవి. ముగ్గురికీ రోజు విడిచి రోజు, పగలు మూడింటికి వణుకు. సరిగ్గా ఆ వేళకే మల్లవ్వ గుట్ట కింద నిలబడి మేకలను నీళ్ళకు కేకేసి పిలిచేది. ఆమె రోజూ పిలిచేది. వణుకు రోజు విడిచి రోజు వచ్చేది. ఆ తేడాను ఊళ్ళో ఎవరూ లెక్కపెట్టలేదు.

నేను మూడు స్లైడ్లలోనూ ఇరవై ఐదేసి ఫీల్డులే చూసి, 'లేదు' అని రాశాను. రోగుల్లో ఒకడి అన్న, నర్సిములు, వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"సారూ, రక్తంల ఏం లేదా?"

"ఏం లేదు. నేను చూసిన."

"మంచిగ చూసినవా? ముసల్ది కేకేసుడే ఆలస్యం, ముగ్గురూ ఒక్కపారే వణుకుతున్నరు. జర మళ్ళొక్కపారి చూడరాదు."

"నువ్వు చూస్తవా ఏంది? రా, కూసో గీ స్టూలు మీద."

అతను నవ్వలేదు. "మాకేడొస్తది సారూ. దవాఖానోళ్ళే జరం కాదన్నంక ఇంకేమున్నది. చేసిందే."

చేసిందే అంటే చేతబడి. ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో ఈ వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. స్లైడ్లు బల్ల మీదే ఉన్నాయి. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టేది. నేను తలెత్తలేదు.

మర్నాడు పొద్దున ఆమెను జుట్టు పట్టి గుట్ట కింద నుంచి ఈడ్చారు. చెయ్యి బండమీద పెట్టి కర్రతో కొట్టారు. ఇద్దరు ఛాతీ మీద కూర్చుంటే మూడోవాడు పట్కారుతో పళ్ళు పీకాడు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం. విరిగిన పంటిని చిగుళ్ళు తవ్వి మరీ తీశారు. మేకలను నరికారు. గుడిసె తగలబెట్టారు. ఇదంతా ఆమెను దవాఖానకు తెచ్చిన బండివాడు చెప్పాడు. ఆమె నోటికింద ఎనామిల్ గిన్నె పట్టుకున్నది నేను. ఖాళీలు లెక్కపెట్టింది కూడా నేనే.

ఆ మధ్యాహ్నమే తలుపు వేసుకుని స్లైడ్లు మళ్ళీ తీశాను. మొదటిదాంట్లో నలభై ఒకటో ఫీల్డు. ఎర్రకణం లోపల ఉంగరంలా క్రిమి. రెండోదాంట్లో ముప్పై మూడో ఫీల్డు. మూడోది పెట్టాను గానీ కన్ను ఆనించలేకపోయాను. మూడింటినీ సబ్బునీళ్ళలో కడిగేశాను. రిజిస్టరులో 'లేదు' అలాగే ఉంది.

ఇంకా ఘోరం ఉంది. మలేరియా గోలీలను బలం గోలీలని చెప్పి బండివాడి చేత ఆ ముగ్గురికీ పంపాను. జ్వరాలు తగ్గాయి. ఊరు ఏమనుకుందో ఊహించగలరా? నర్సిములు స్వయంగా వచ్చి, "పళ్ళు పీకినంక పోయింది సారూ, జరం కాదని నువ్వన్నదే నిజమైంది" అన్నాడు. నేను తలూపాను.

తర్వాత చాలా చదివాను. ఎర్రకణంలో ఒక క్రిమి పది, ఇరవై అవుతుంది. రెండు రోజులు నిండగానే లక్షల కణాలు ఒకే వేళకు పగులుతాయి, మనిషి వణుకుతాడు. విడివిడి కణాల్లో దాక్కున్నవాటికి వేళైందని చెప్పేదెవరు? ఏదో సంకేతం కణం పొర దాటి లోపలికి అందుతుందట. అదేమిటో ఇంకా వెతుకుతున్నారు. ఏదైనా కానీ, అది రక్తంలోనిది. ముసలామె గొంతులోది కాదు. ముగ్గురి వంతూ ఒకే రోజున పడడమంటారా, దానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. వేళ్ళమీద చూపించగలిగే లెక్క. నర్సిములుకు అది చూపించడానికి నాకేం అడ్డొచ్చింది? చూపిస్తే నా ఇరవై ఐదు బయటపడేది.

మల్లవ్వ కేతేపల్లిలో చెల్లెలింటికి చేరింది. పోయిన ఏడు చనిపోయింది, మంత్రగత్తె అన్న పేరుతోనే. నేను ఒక్కసారీ వెళ్ళలేదు.

ఇంతవరకూ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దాన్ని నేను క్షమాపణ కింద జమ వేసుకోవడం లేదు.

కడిగేసిన ఆ మూడో స్లైడు మీద చూడవలసినవి ఇంకా డెబ్బై ఐదు.