ముల్లు తిప్పిన చెయ్యి

ఆ లాండ్రీలో ఆయన్ని అందరూ రీసెట్ బాబాయ్ అనేవారు. పేరుకి ఎలక్ట్రీషియనే గానీ, చేసేదల్లా మీట నొక్కడం. తడి దుప్పట్లు పిండే పెద్ద డ్రమ్ము మధ్యాహ్నమయ్యేసరికి ఠక్కున ఆగిపోయేది. "బాబాయ్, మళ్ళీ పడుకుంది" అని కబురొచ్చేది. ఆయన చేతిలో ముద్ద కంచంలోనే వదిలేసి, వెళ్ళి ప్యానెల్ తలుపు తీసి రీసెట్ మీట నొక్కి వచ్చేవాడు. ఇదీ ఒక బతుకేనా అని తనని తానే తిట్టుకునేవాడు, పాపం.

డ్రమ్మును ఆపేది ఓవర్‌లోడ్ రిలే. ఇంతా చేసి అరచేతిలో పట్టేంత పెట్టె. మోటారు శక్తికి మించి కరెంటు లాగితే, లోపలి రేకులు వేడెక్కి వంగి, మోటారు కాలిపోకముందే దాన్ని ఆపేస్తుంది. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ కారణం లేకుండా పడిపోయి యంత్రాన్ని ఆపేసే రిలే ఉంది చూశారూ, అది చెవిలో జోరీగే. యజమాని కూడా తేల్చి చెప్పేశాడు. డ్రమ్ము ఇలాగే మొరాయిస్తే దుప్పట్లు బయట ఇచ్చేస్తాననీ, మడతలు పెట్టే ఆడవాళ్ళు ఇంటికెళ్ళిపోవచ్చనీ. ఆ మడతబల్ల దగ్గర బాబాయ్ భార్య కూడా ఉంది. ఇల్లూ వాకిలీ కాకుండా ఆమెకంటూ ఉన్న చోటు అదొక్కటే. అది పోతే ఆమె ఏమైపోతుందోనని ఆయనకి బెంగ.

సూపర్‌వైజరు ఎవరో కాదు, స్వయానా ఆమె తమ్ముడు. రిలే మీద చిన్న ముల్లుంటుంది, ఎంత కరెంటు దగ్గర ఆపాలో చెప్పేది. దాన్ని కాస్త పైకి తిప్పి పారేస్తే పీడా వదిలిపోతుంది కదా బావా అని అతని సలహా. రిలేలు పడే చోట పని చేసే వాళ్ళందరికీ ఉండే జబ్బే అది. బాబాయ్ ఒప్పుకోలేదు. ముల్లు తిప్పడమంటే రిలే నోరు నొక్కడమే అన్నాడు.

ఆయన పట్టువదలకుండా కూర్చున్నాడు. మీటరు పెట్టి మూడు వైర్లలోనూ కరెంటు చూశాడు. మోటారు ఒంటికి కొట్టిన రేకు మీద రాసిన అంకెకంటే తక్కువే లాగుతోంది. అంటే మోటారు తప్పేమీ లేదు. మరి రిలేకి వేడెక్కడిది? చూస్తే ఒక వైరు బిగించిన స్క్రూ వదులై, దాని చుట్టూ నల్లగా మాడిపోయి ఉంది. పైగా ప్యానెల్ వెనక గోడకి ఆనుకునే బట్టలారబెట్టే యంత్రం వేడిగాలి గొట్టం. మధ్యాహ్నానికి ప్యానెల్ తలుపు మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. వైరు చివర కొత్తగా కోసి బిగించాడు. యజమాని కాళ్ళావేళ్ళా పడి ప్యానెల్‌ని అవతలి గోడకి మార్పించాడు. అంతే, రిలే పడటం మానేసింది. మడతబల్ల దగ్గర భార్య తలెత్తుకు తిరిగింది. మా ఆయన చెయ్యి పడితే చాలని అందరికీ చెప్పుకుంది. చెప్పుకోదూ మరి?

ఆ ముచ్చట ఎన్నాళ్ళో లేదు. మళ్ళీ పడింది. ఈసారి పొద్దున్నే, అదీ వెంటవెంటనే. బాబాయ్ మీటరు పెట్టాడు. కరెంటు రేకు మీది అంకె దాటిపోతోంది. డ్రమ్ములోకి తొంగి చూశాడు. దుప్పట్లు అంచుదాకా కూరేశారు. ఆ బరువుతో డ్రమ్ము వేగం అందుకోవడానికే ఆపసోపాలు పడుతోంది. ఒక వాయి దించీ దించగానే, మోటారుకి ఊపిరి పీల్చుకునే వ్యవధి లేకుండా ఇంకో వాయి. సగానికి సగం తగ్గించమని బావమరిదితో నెత్తీనోరూ బాదుకున్నాడు. అతను నీళ్ళు నమిలాడు. సరుకంతా సాయంత్రానికి వెళ్ళాల్సిందే, లేకపోతే రేపట్నుంచి ఎవరూ రానక్కర్లేదని యజమాని అన్నారని మాత్రం చెప్పాడు.

భార్య చేతులు తుడుచుకుంటూ ప్యానెల్ దగ్గరికొచ్చింది.

"తిప్పండి" అంది.

"ఈసారి అది అబద్ధం చెప్పట్లేదే. మోటారు కాలిపోతుంది."

"కాలితే చూద్దాం. తిప్పకపోతే ఇవాళే పోతాం కదా. నా మాట విని తిప్పండి."

ఆయన తిప్పాడు. జీవితంలో మొదటిసారి, తెలిసి తెలిసి. సాయంత్రం కాకముందే షెడ్డంతా మోటారు చుట్ల మీది వార్నిష్ కాలిన కంపు నిండిపోయింది. డ్రమ్ము ఆగింది. ఇక మీట నొక్కినా లేచేది కాదు.

మర్నాడు గేటుకి తాళం వేసేశారు. ఆడవాళ్ళు వచ్చి, తాళం చూసి, వెనక్కి తిరిగిపోయారు. బాబాయ్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. ఇంట్లో భార్య మాత్రం నేనే చెడగొట్టాను, నేనే తిప్పమన్నాను అని ఒకటే గొణుగుడు. ఏడవలేదు. ఇంకో లాండ్రీలో అడుగుదాం, ఈసారి మీ పనికి అడ్డు రాను అంటూ ఉండేది.

కొన్నాళ్ళకి బావమరిది వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"యజమాని ఎలాగూ లాండ్రీ మూసేద్దామనే అనుకున్నారు బావా. ఒప్పుకున్న సరుకు పంపేసి చేతులు దులుపుకుందామనే అంత బరువు వేయించారు. నువ్వు తిప్పినా తిప్పకపోయినా ఇంతే. నాకది ముందే తెలుసు, అక్కకి చెప్పకు."

వాడి మొహం చూడబుద్ధి కాక బాబాయ్ తలుపేసుకున్నాడు. కానీ చెప్పకుండా ఎలా ఉంటాడు? ఆమె తనని తాను తిట్టుకుంటూ కుమిలిపోతుంటే చూడలేకపోతున్నాడు. చెబితే మనసు తేలిక పడుతుందనుకున్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని, నీ తప్పేమీ లేదే పిచ్చిదానా అంటూ అంతా చెప్పాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"తప్పు మనదైతే ఇంకోసారి చెయ్యకుండా ఉండేవాళ్ళం కదండీ. మనదేమీ లేదంటే ఇంకేం చేస్తాం?"

అని అప్పుడు ఏడ్చింది.