ఫోన్‌లో గాలి

ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేసి సలహా అడిగితే నాకు ఆయనే గుర్తొస్తాడు.

దుబాయ్‌లో జెబెల్ అలీ వెళ్లే బస్సులో ఒక ఉదయం నా పక్కన కూర్చున్నాడు. శ్రీకాకుళం వైపు సముద్రంలో వేట చేసిన మనిషి. గోడౌన్‌లో పెట్టెలు మోసే పనికి వచ్చి ఐదేళ్లయిందట.

ఆయన తమ్ముడు వేట పడవలోంచి వీడియో కాల్ చేశాడు. తెర మీద బూడిదరంగు నీళ్లు. వారం నుంచి వల ఖాళీగానే వస్తోందని, ఇవాళ ఎటు పోవాలో చెప్పమని అడిగాడు.

"నీళ్లు సూపించు. ఆఁ. ఇప్పుడు ఫోను గాలికెట్టు," అన్నాడీయన.

ఫోన్ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఏసీ హోరులో చాలాసేపు విన్నాడు.

"దక్షిణం పక్కకెల్లండి. కానాగంత చేపలు పడతాయి."

"సరే అన్నా," అన్నారు పడవలో వాళ్లందరూ, ప్రాణం లేచొచ్చినట్టు.

ఇంత దూరం నుంచి ఎలా పట్టేశారని అడిగాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట ఇసుక తప్ప ఏమీ లేదు.

"ఏటీ తెలీలేదు బాబూ. ఐదేళ్లలో అక్కడ ఏరు సముద్రంలో కలిసే మొగే పక్కకి జరిగిపోయిందంట. కానీ తెలీదంటే, రేపట్నుంచి ఆళ్లు నన్నడగరు."