బావి మట్టం దాచిన క్యాసెట్

నగోయా ఓసు బజారు వెనక సందులో, రెండో అంతస్తులో కువబారా త్సురుయో గది తలుపు తీస్తే ముందు తగిలేది కుళ్లిన చేపల కంపు. అది చేపలది కాదు. పాత ఇంటి కంప్యూటర్ల లోపలి కెపాసిటర్లు ముప్పై నలభై ఏళ్లకి కారడం మొదలుపెడతాయి. ఆ రసం రాగి గీతల్ని నాకేస్తూ అలా కంపు కొడుతుంది. డెబ్భై ఒకటో ఏట కూడా త్సురుయో ఆ కంపుకి అలవాటు పడలేదు. రోజుకి పదిసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, పదిసార్లూ "ఛీ" అంటుంది.

ఆమె అసహ్యాలు యంత్రాలతో ఆగవు. కీబోర్డు కింద పేరుకున్న సిగరెట్ జిగురు, డిస్కు పెట్టే సందులో బొద్దింక గుడ్లు, ఇవన్నీ సరే, తుడిస్తే పోతాయి. తుడిచినా పోనివాళ్లు మనుషులు. పసుపెక్కిన కంప్యూటర్ డొప్పని జుట్టుకి రంగు తీసే మందులో నానబెట్టి తెల్లగా చేసి, లోపలి పలక పుచ్చిపోతున్నా పట్టించుకోకుండా అద్దాల బీరువాలో నిలబెట్టుకునేవాళ్లంటే ఆమెకి ఒళ్లు మండుతుంది. "శవానికి పౌడరు రాస్తారు. ఊపిరి ఉందో లేదో చూడరు" అంటుంది.

ఆమె పని ఊపిరి చూడడం. పాత క్యాసెట్లలో, డిస్కుల్లో మిగిలినదాన్ని ఇప్పటి కంప్యూటర్లలోకి దింపిపెడుతుంది. వయసులో ఉండగా ఒక కంప్యూటర్ మాసపత్రికలో పనిచేసింది. ఆ రోజుల్లో ప్రోగ్రాములు కాగితం మీద అచ్చయి వచ్చేవి. జనం పేజీలకి పేజీలు అంకెలు చూసి ఇంట్లో కొట్టుకునేవాళ్లు. ఒక్క అంకె తప్పితే అంతా కూలేది. అందుకని ప్రతి అడ్డు వరుస చివరా, ప్రతి నిలువు వరుస కిందా మొత్తాలు అచ్చువేసేవారు. అడ్డు మొత్తం తప్పిన వరుస, నిలువు మొత్తం తప్పిన వరుస ఎక్కడ కలుస్తాయో తప్పు అక్కడే. తాటాకుల మీద గ్రంథాలు రాసినవాళ్లు చివర అక్షరాల లెక్క కట్టి గ్రంథసంఖ్య వేసుకునేది కూడా ఇలాంటి భయంతోనే. చేత్తో ఎత్తి రాసేవాడికి తన చేతిమీద నమ్మకం ఉండదు. ఆ మొత్తాలు సరిచూసే ఉద్యోగం తొమ్మిదేళ్లు చేసింది త్సురుయో.

శరదృతువు మొదట్లో ఓ సోమవారం, ఓగాకి నుంచి మిజొగుచి సదహారు వచ్చాడు. యాభై దాటినవాడు. సోయా పాలు విరగ్గొట్టి టోఫు చేస్తాడు. ఆ ఊళ్లో నీళ్లు నేలలోంచి వాటంతటవే ఉబుకుతాయి, టోఫు రుచంతా ఆ నీళ్లదే. పక్క స్థలంలో కొత్త భవనానికి పునాది తవ్వుతూ రెండు నెలలుగా నీళ్లు తోడిపోస్తున్నారు. వీళ్ల బావి అడుగంటింది. తవ్వేవాళ్లేమో "మీ బావి ఎప్పుడూ అంతే" అంటున్నారు. శనివారం వీధి పెద్దలతో కలిసి పంచాయితీ. సదహారు తండ్రి పదకొండేళ్లు రోజూ బావి మట్టం కొలిచి ఇంటి కంప్యూటర్లో ఎక్కించి, ఏడాదికో క్యాసెట్ చొప్పున దాచాడు. ఆయన పోయి ఆరేళ్లు. ఆ అంకెలు తేలకపోతే బావీ లేదు, టోఫూ లేదు.

సదహారు ఒక చిన్న పెన్ డ్రైవ్ ముందుకు తోశాడు. "క్యాసెట్లన్నీ మా బావమరిది దీన్లోకి ఎక్కించాడండి. గరగర ఉంటే తీసేసి శుభ్రం కూడా చేశాడు."

త్సురుయో దాన్ని కంప్యూటర్‌కి తగిలించి, హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకుని విని తీసేసింది. "శుభ్రం చేశాడా? ఆ గరగరే కదయ్యా మీ నాన్న రాసింది! సున్నాకి లావు మోత, ఒకటికి సన్న మోత. రెండూ కలిపి ఇస్త్రీ చేసి పెట్టాడు మీ బావమరిది. అసలు క్యాసెట్లు ఏవి?"

"బూజు పట్టాయని... చెత్తలో..."

"ఛీ!"

"లేదు లేదు, తిరిగొచ్చాయి!" సదహారు తల వంచేశాడు. "కాలని చెత్త తీసుకెళ్లే రోజున పెట్టాం. క్యాసెట్లు కాలే చెత్తట. సంచికి తప్పని ఎర్ర కాగితం అంటించి అక్కడే వదిలేసి పోయారు. వీధంతా చూస్తోందని మా ఆవిడ సిగ్గుతో చచ్చిపోయి, తెల్లారేలోపు లోపలికి లాక్కొచ్చింది."

"మీకు చెత్త వేరుచెయ్యడం రాకపోవడం మీ నాన్న అదృష్టం" అంది త్సురుయో.

పదకొండు క్యాసెట్లు మర్నాడు వచ్చాయి. తెల్లటి బూజు, సంచిలో ఎవరో పారేసిన చేప తోలు వాసన. ముక్కుకి గుడ్డ కట్టుకుని, అన్నిటికన్నా పాడైన 1994 క్యాసెట్‌తో మొదలుపెట్టింది. స్పిరిట్ తడిపిన దూదితో టేపుని మూరమూరగా తుడిచింది. చెవితో వింటూ పక్క కంప్యూటర్లోకి అలల్ని దింపింది. ఆ కాలపు యంత్రం క్యాసెట్ తప్పుగా చదివినా తప్పని చెప్పదు. ఏది వినబడితే అదే నిజమనుకుని నోరు మూసుకుంటుంది. అది కూడా మనుషులు చేసిందే కదా.

తెరమీద అంకెలు పడగానే త్సురుయో కళ్లజోడు సర్దుకుంది. వారానికో అడ్డు వరుస, చివర మొత్తం. నాలుగు వారాలకోసారి కింద నిలువు మొత్తాలు. ఓగాకిలో ఒక టోఫు చేసేవాడు ఆమె పత్రిక చదివి, అందులోని మొత్తాల పద్ధతే పట్టుకుని పదకొండేళ్లు నడిచాడు. అంత సేపట్లో మొదటిసారి ఆమె ముఖం కాస్త విప్పారింది.

బుధవారం సదహారు వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు. బావి గట్టు నుంచి నీళ్లు ఎన్ని సెంటీమీటర్ల కింద ఉన్నాయో ఆ అంకెలు. 44, 45, 43, 84, 51, 45, 44.

"ఆగస్టు ఏడో తారీఖు ఎనభై నాలుగు. పర్లేదు, కాస్త దిగింది అంతే" అన్నాడు.

"ఎనభై నాలుగు కాదు. కూడితే 356 వస్తోంది, మీ నాన్న 484 వేశాడు. నిలువు మొత్తంలోనూ సరిగ్గా 128 తక్కువ. టేపు అక్కడ నలిగింది. అంకెని ఎనిమిది ముక్కలుగా రాస్తుంది ఇది, ఒకటి, రెండు, నాలుగు అలా రెట్టింపవుతూ పెద్ద ముక్క 128. అదొక్కటే రాలింది. అసలు అంకె 212."

సదహారు తెరకి ఇంకా దగ్గరగా వంగాడు. "రెండు మీటర్లు దిగిందా! వాళ్లు ఇదే పట్టుకుంటారండీ. చూడు, మేం తవ్వకముందే ఎండిందంటారు." గొంతు తగ్గించాడు. "యంత్రం ఎనభై నాలుగనే కదండీ చదివింది? అలాగే ఉంచేస్తే? మొత్తాలు ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"పెద్దమ్మా, మా బావి..."

"తొమ్మిదేళ్లు అదే చూసి అన్నం తిన్నాను. మీ నాన్న అంకెకి పౌడరు రాయమంటావా?" క్యాసెట్ తీసి, వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ చెవుల్నీ గోటితో టక్ టక్ మని విరిచేసింది. ఇక దానిమీద ఎవరూ మళ్లీ రాయలేరు. "శుక్రవారం రా. అంకెలు ఎలా ఉంటే అలా ఇస్తాను. ఇష్టం లేకపోతే చెత్తకే పట్టుకుపో. ఈసారి కాలే చెత్త, గుర్తుపెట్టుకో."

సదహారు తల వంచకుండానే మెట్లు దిగిపోయాడు. ఆ మర్యాద కూడా మర్చిపోయాడంటే ఎంత మండిందో.

గురువారం సాయంత్రానికి మిగిలిన పది క్యాసెట్లూ దిగాయి. త్సురుయో వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చి చూసి ఫోన్ తీసింది.

"మిజొగుచి గారూ, మీ బావి ఏటా ఆగస్టు ఏడున ఎండుతోంది. 208, 215, 210. మర్నాటికే యాభైకి వచ్చేస్తోంది. ఏముంది ఆ రోజు?"

"ఏమోనండీ. నేను అప్పట్లో టోక్యోలో..."

వెనకనుంచి వాళ్లమ్మ ముసలి గొంతు. "ఎవర్రా? ఏడో తారీఖా? బావి కడిగే రోజు కదరా వెర్రి నాగన్నా! వీధి వీధంతా వచ్చి అడుగుదాకా తోడి, మీ నాన్న దిగి నాచు గీకేవాడు. కొలతకర్ర నేనే అందించేదాన్ని!"



"అంటే..." అన్నాడు సదహారు.

"అంటే అడుగుదాకా తోడినా మీ బావి ఒక్క రాత్రిలో నిండేది. పదకొండేళ్లూ నిండింది. ఈ ఏడు రెండు నెలలైనా నిండలేదు. నువ్వు చెరపమన్న అంకే నీకు సాక్షి. చెరిపి ఉంటే, వీధి పెద్దలే అడిగేవాళ్లు, ఆ ఏడు బావి కడగలేదా అని."

శనివారం పంచాయితీలో ఆ కాగితాలు చేతులు మారాయి. బావి కడగడానికి వచ్చిన ముసలివాళ్లు ఇంకా నలుగురున్నారు. తోడే మోటార్లు సోమవారానికి ఆగాయి.

మంగళవారం సదహారు చల్లటి నీళ్లలో తేలుతున్న టోఫు డబ్బాతో వచ్చి నడుం విరిగేలా వంగాడు. "మా నాన్న ఒక్క అంకె కూడా అబద్ధం రాయలేదండీ. మా వంశమే అంత!"

త్సురుయో అతని ముఖంలోకి చూసింది. బుధవారం నాటి ముఖమే అది, కాస్త తెల్లగా తోమినట్టుంది, అంతే.

"డబ్బా అక్కడ పెట్టు" అంది.

అతను వెళ్లాక టోఫు కోసి, అల్లం తురుము వేసుకుని తింది. బాగుంది, పాడుది. తండ్రి నీళ్లు కదా. తర్వాత సింకు దగ్గరికెళ్లి సబ్బు తీసుకుంది. ఆ రోజు ఇంకా ఒక్క యంత్రాన్నీ విప్పలేదు, అయినా మోచేతులదాకా తోముకుంది.