ఐసుపెట్టెలో చల్లారిన తెల్లపొడి

మొన్న మా దీవిలోనే బ్రూక్షాబాద్‌లో మా తమ్ముడు కట్టుకున్న కొత్త ఇల్లు చూడబోయినప్పుడు, పడౌక్ కలప తలుపులకి మెరుగు పూస్తున్న పనివాడు డబ్బా మూత తీయగానే గుప్పుమన్న ఘాటుకి అందరూ ముక్కులు మూసుకుని లోపలికి పోయారు గాని, నేను మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయాను. నా ఇరవై రెండేళ్ళ వయసూ, గరాచర్మ ఊరి చివర రేకుల షెడ్డూ, చెవులు హోరెత్తించే మిల్లూ ఒక్కసారిగా ఎదురొచ్చినట్టయింది.

ఆ షెడ్డులో కుర్చీలకీ తలుపులకీ పూసే మెరుగు తయారుచేసేవాళ్ళం. దానికి కావలసిన ముఖ్యమైన సరుకు చెన్నపట్నం నుంచి ఓడలో సంచుల్లో వచ్చేది. కలపగుజ్జునీ దూదినీ రసాయనాలతో మార్చి చేసిన తెల్లటి పలుకులవి. సెల్యులోజ్ అని సంచి మీద ఉండేది, మేం ‘తెల్ల పలుకులు’ అనేవాళ్ళం. వాటిని మిల్లులో మెత్తటి పొడి చేస్తేనే ద్రావకంలో చక్కగా కరిగేవి. పలుకులుగానే వేస్తే ఉబ్బి, ఉండలు కట్టి, పూసిన చెక్క మీద గరుకు తేలేది. మిగిలిన పొడిని ప్లాస్టిక్ పిడులు పోసే ఒకాయన కొనుక్కునేవాడు.

నేను జల్లెడ పట్టడానికి చేరాను. మిల్లు నడిపే ఆయన పెళ్ళి చేసుకుని మెయిన్‌లాండ్ వెళ్ళి తిరిగి రాకపోవడంతో, రోజూ పక్కన నిలబడి చూసినదాన్ని గనక నేనే నడుపుతానన్నాను. మేమంతా భయ్యా అని పిలిచే యజమాని చాలాసేపు తటపటాయించి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న పదిరోజులకే ఎండలు ముదిరాయి. మిల్లు పావుగంట తిరిగేసరికి లోపల వేడెక్కి, పలుకులు పొడి కావడం మాని మెత్తబడి, జల్లెడకి బంకలా అంటుకుపోయేవి. కత్తితో గీకి, మళ్ళీ తిప్పి, మళ్ళీ గీకేదాన్ని. మనిషి మారితే మిల్లు పాడైందని తోటివాళ్ళు నా ఎదుటే అనుకున్నారు. చివరికి భయ్యా మిల్లు అమ్మేసి పొడినే తెప్పించుకుంటానన్నారు. మిల్లు పోతే నా పనీ పోతుంది. అంతకంటే, నావల్లే పోయిందన్న మాట మిగిలిపోతుంది. వారం రోజులు ఆగమని అడిగాను.

“ఏక్ హఫ్తా, దీదీ. ఆ తరవాత నన్నడగొద్దు,” అన్నారాయన.

వండూర్‌లో మా ఇంటికి బస్సులో వెళ్తూ దారంతా ఆలోచించాను. ఇంటిముందు మా నాన్న పడవలోంచి ఐసుపెట్టె దించి కడుగుతున్నారు. వేడి వల్ల మెత్తబడే సరుకుని ముందే చల్లబరిస్తే పెళుసెక్కి పొడి అవుతుంది కదా అనిపించింది. నాన్నని పెట్టె ఇమ్మని అడిగాను. పెట్టె లేకపోతే చేపల వేటకి వెళ్ళి లాభం లేదు కనక ఆ వారమంతా పడవ ఒడ్డునే ఉంచి, ఐసు కూడా తనే తెచ్చిపెట్టారు.

పలుకుల్ని డబ్బాల్లో బిగించి, ఐసుపెట్టెలో పెట్టి ఐసూ ఉప్పూ కప్పి, బాగా చల్లబడ్డాక కొంచెం కొంచెంగా మిల్లులో పోశాను. జల్లెడ కింద పౌడరు లాంటి పొడి రాలింది. సంతోషం పట్టలేక కింది డబ్బా వెంటనే తెరిచి అందరికీ చూపించాను. మధ్యాహ్నానికల్లా ఆ పొడి ముద్దలు కట్టింది. దానితో చేసిన మెరుగు పూసిన చెక్క పాలు ఒలికినట్టు తెల్లబడింది. ఆ సాయంత్రం బస్సు దిగి తిన్నగా నాన్న దగ్గరికే వెళ్ళాను. జరిగింది చెబితే నాన్న వల సరిచేసుకుంటూనే అన్నారు:

“ఐసులోంచి తీసిన సేపని గాలికి పెడితే సెమట పట్టదా అమ్మీ? నీ పొడికీ అదే అయింది. మూత తియ్యకుండా దాని సలవ పోనియ్.”

మర్నాడు మిల్లు మూతికీ కింది డబ్బాకీ మధ్య గుడ్డ గొట్టం గట్టిగా కట్టాను. పొడి నిండిన డబ్బాలకి మూత బిగించి వరసగా పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. డబ్బాల మీద పట్టిన చెమట ఆరి, చేత్తో తాకితే గోరువెచ్చగా అనిపించేదాకా వాటి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. తెరవకపోతే ఎలా తెలుస్తుందని భయ్యా రెండుసార్లు వచ్చి అడిగినా లేవలేదు. వారంలో ఆఖరి రోజున ఆయనే చెక్క మీద మెరుగు పూసి, ఆరాక వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. పడౌక్ ఎరుపు అద్దంలా కనిపించింది. మిల్లు అమ్మడం మానేసి, నాన్నకి కొత్త ఐసుపెట్టె చెయ్యమని వడ్రంగికి చెప్పారు. నేను ఆ షెడ్డులో మరో పద్నాలుగేళ్ళు పనిచేశాను.

తరవాత తయారైన మెరుగే డబ్బాల్లో రావడం మొదలై మా షెడ్డు మూతపడింది. ఇప్పుడక్కడ మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. అంత అవస్థ ఎందుకు పడ్డావు, తెప్పించుకుంటే సరిపోయేది కదా అంటుంది మా అమ్మాయి. దానికేం తెలుసు, ఓడ వారం ఆలస్యమైతే దీవిలో సగం పనులు ఆగిపోయే కాలం అది. ఇవాళ కావలసింది మూడు రోజుల్లో గుమ్మంలోకి వస్తోంది, సంతోషమే. కాని రానిదాన్ని మనమే ఎలాగో చేసుకుందామని నడుం బిగించి లేచే ఉదయాలు ఉండేవే, వాటిని మాత్రం ఎక్కడి నుంచి తెప్పించుకోవాలో నాకు తెలియడం లేదు.