బెహుయ్ మేష్టారి ఆఖరి మాట

అతాయల్ తెగవాళ్లుండే ఆ కొండల్లో యావాయ్ నోరు పేరుమోసింది. మగ్గం ముందు కాళ్లు చాపుకుని కూర్చుందంటే, దారిన పోయేవాళ్లలో ఒక్కర్నీ వదిలేది కాదు. అన్న బెహుయ్ వెళుతుంటే మాత్రం ఆ నోటికి తాళం పడేది. తన కొడుకు సిలాన్ పోయిన నాటినుంచీ అంతే.

బెహుయ్ ఊరి బడిలో మేష్టారు. పైవాళ్ల మెప్పు కోసం, బడిలో కొండమాట పలికిన పిల్లల మెడలో శిక్షగా చెక్కపలక వేలాడదీసేవాడు. సొంత మేనల్లుడు సిలాన్‌నూ వదల్లేదు. "చైనీస్ రాకపోతే వీడు అడవిమనిషేరా!" అని అందరిముందూ నవ్వాడు. సిలాన్ బడి మానేసి, పట్నంలో కట్టడాల పనికి పోయి, మేడమీంచి పడి చచ్చిపోయాడు. పలక వేసినవాడు పెద్ద మేష్టారయ్యాడు, పలక మోసినవాడు మట్టిలో కలిశాడు.

ఆ కొండల కట్టుబాటు ప్రకారం, తప్పు చేసినవాడు పందిని కోసి, రెండిళ్లవాళ్లూ వింటుండగా తప్పు ఒప్పుకోవాలి. ఆపైన ఇద్దరూ చెంపకు చెంప ఆనించి ఒకే గిన్నెలో కొర్రకల్లు తాగాలి. అప్పుడే పగ తీరినట్టు. యావాయ్ ఆ పంది కోసం ఏళ్లతరబడి చూసింది. పంది కాదుకదా, కోడిపిల్ల కూడా రాలేదు.

ఈ చలికాలంలో బెహుయ్‌కి పక్షవాతం వచ్చింది. నేర్చుకున్న చైనీస్ మొత్తం తుడిచిపెట్టుకుపోయి, అమ్మ నేర్పిన మాటే మిగిలింది. ఆ మాట తన పిల్లల చెవిన పడనివ్వని ఘనుడూ ఆయనే. కూతురు పిసుయ్ యావాయ్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, నాన్న ఏదో చెప్పి ఏడుస్తున్నాడు. మాకు ఒక్క ముక్క అర్థమయి చావట్లేదు. ఒక్కసారి రావా?"

"మీ అయ్యకి మన మాట గుర్తొచ్చిందా? అయితే చూడాల్సిందే."

మంచం చుట్టూ పిల్లలందరూ ఉన్నారు. బెహుయ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చెల్లీ, సిలాన్ ఉసురు తీసింది నేనే. వీళ్లకి చెప్పు. పందిని కొయ్యమను. నీతో ఒక్క గిన్నె తాగి పోతానే."

ఆ మాట వింటే చాలు, బరువు దిగిపోతుందనుకుంది ఇన్నాళ్లూ. విన్నాక కడుపు ఇంకా మండింది. నోరున్నన్నాళ్లూ చెప్పనివాడు, ఎవరికీ అర్థంకాని రోజున చెప్పి తేలిగ్గా పోదామనుకుంటున్నాడు.

"ఏమంటున్నాడత్తా?" అంది పిసుయ్.

"దాహమట," అని యావాయ్ చైనీస్‌లో చెప్పింది.

పిసుయ్ చెంచాతో నీళ్లు పోసింది. బెహుయ్ తల విదిలించి, చెల్లెలి వంక చూస్తూ మళ్లీ అదే మాట అరిచాడు. నీళ్లు గడ్డం మీదుగా కారాయి.

"ఇంకా కావాలట," అంది యావాయ్. "పొయ్యండమ్మా, పొయ్యండి."