ఉప్పుండగా ఉప్పడిగే మనిషి

మా నాయిన ఇంట్లో సంచి నిండా ఉప్పు పెట్టుకుని పక్క గుడిసెకు ఉప్పు చేబదులుకు వెళ్లేవాడు. ఎందుకో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. నేను ఊరుకునే పిల్లను కాను. ఈగ వాలితే ఎందుకు వాలిందని అడిగేదాన్ని. నా నోటికి భయపడి మా అమ్మ నన్ను నలుగురిలోకి తీసుకెళ్లేదే కాదు. నాయిన మాత్రం ఎక్కడికి వెళ్లినా వెంటేసుకుని తిరిగేవాడు, ఈ ఒక్క ప్రశ్నకు తప్ప అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పేవాడు.

మాది కోడేరు దగ్గర ఒక పల్లె. కూలి బతుకు. ఎండాకాలం మొదలవగానే ఊళ్లో పని ఉండేది కాదు, పారా గంపా కట్టుకుని మట్టి పనికి బయలుదేరేవాళ్లం. ఒక ఏడు లింగాల వైపు చెరువు కట్ట, ఇంకో ఏడు అచ్చంపేట దాటాక అడవంచున బాట పని, మరో ఏడు వనపర్తి వైపు కాలువ. పని దొరికిన చోట నాలుగు కర్రలు పాతి పైన జొన్నచొప్ప కప్పితే అదే మా ఇల్లు.

గుడిసె నిలబడిందో లేదో, నాయిన తలగుడ్డ దులిపి కట్టుకుని బయలుదేరేవాడు. ఒకరి దగ్గర ఉప్పు, ఒకరి దగ్గర తాడు, ఇంకొకరి దగ్గర నిప్పు. అవన్నీ మా మూటల్లో ఉన్నవే. నిప్పు సంగతి మరీ వింత, అగ్గిపెట్టె ఆయన మొలలోనే ఉండేది. అమ్మకు తల కొట్టేసినట్టుండేది.

"సంచి నిండ ఉప్పుండంగ గా అడుక్కునుడు ఏందయ్యా? మనల్ని ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోవాలంటె ముందుగాల మనం ఉన్నమని తెల్వాలె గద!" అనేవాడు నాయిన.

వెళ్లినవాడు వెంటనే వస్తాడా? చిటికెడు ఉప్పుకు పొద్దు గూకేది. వచ్చేసరికి ఎవరిది ఏ ఊరో, ఎవరి బిడ్డను ఎక్కడిచ్చారో, ఏ ముసలమ్మకు మోకాళ్ల నొప్పులో అంతా తెలుసుకుని వచ్చేవాడు. మర్నాడు ఆ ఉప్పు తిరిగివ్వడానికి మళ్లీ వెళ్లేవాడు, అప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకునేవాడు. కొద్దిరోజుల్లోనే అక్కడున్న వాళ్లందరికీ అన్నో, మామో, బావో అయిపోయేవాడు. అయినా ఎవరి గుడిసెల వరస వారిదే. మా చేతి నీళ్లు ముట్టని వాళ్లుండేవారు. వాళ్లు నిప్పు ఇచ్చినా, చెయ్యి తగలకుండా మా పెంకులోకి పైనుంచి జారవిడిచేవాళ్లు. నాయిన ఆ పెంకు నవ్వుతూనే పట్టుకుని, "మీ అల్లుడు మంచిగున్నడా?" అని అడిగేవాడు. నాకైతే ఒళ్లు మండేది.

ఇంతా చేసి ఇల్లు పట్టని మనిషేమో అనుకుంటారు, కాదు. అమ్మ పొద్దంతా గంపలు మోసి వచ్చి నడుం వాలిస్తే జొన్నరొట్టె ఆయనే చేసేవాడు. రొట్టె గుండ్రంగా వచ్చిన రోజు మాత్రం లేదు. నాకు జడ వేసేవాడు, అది కట్ట మీదికి చేరకముందే విడిపోయేది. అడవంచున పని ఉన్న ఏడు తునికి పండ్లు తలగుడ్డలో మూటగట్టి తెచ్చేవాడు. తనకు తీపి పడదని చెప్పి అన్నీ నాకే పెట్టేవాడు, నేనూ నమ్మి తినేదాన్ని. ఆయనంటే నాకు ప్రాణం.

తమ్ముడు పుట్టిన ఏడు మేం గద్వాల అవతల చెరువు కట్ట పనిలో ఉన్నాం. రాయచూరు వైపు నుంచి వచ్చిన కన్నడం వాళ్లు అక్కడ ఎక్కువ. కానుపైన కొన్నాళ్లకు అమ్మకు జ్వరం పట్టుకుంది, పాలు ఇంకిపోయాయి. నాయిన ఎవరిదో బండి మాట్లాడి ఇద్దరినీ గద్వాల దవాఖానకు తీసుకెళ్లాడు. జ్వరం తగ్గుతుందిగానీ, అప్పటిదాకా పిల్లవాడికి ఏ తల్లి పాలైనా పట్టించమన్నారట. మేకపాలు గుడ్డతో పిండితే వాడు కక్కేశాడు. మొదట గుక్కపట్టి ఏడ్చాడు, తర్వాత పిల్లికూనలా మూలిగాడు, తర్వాత అదీ లేదు. ఏడుపు ఆగినందుకు నాకు భయం వేసింది.

అప్పుడు అక్కడ పాలిచ్చే తల్లి ఒక్కతే ఉంది. అవతలి వరసలో ఒక కన్నడం ఆవిడ. మా చేతి నీళ్లు ముట్టని వరస అది. వచ్చిన రోజే నాయిన వాళ్ల దగ్గర తాడు చేబదులు తెచ్చి ఉన్నాడు.

"నాయినా, పోయి అడుగు," అన్నాను. లేచి వెళ్లాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు. చేతిలో పెంకు, పెంకులో నిప్పు.

మా పొయ్యి మండుతూనే ఉంది. తెచ్చిన నిప్పు అందులోనే పోసి మళ్లీ వెళ్లాడు. మళ్లీ నిప్పే తెచ్చాడు. దారిన పోయేవాడిని కూడా ఆపి పలకరించే మనిషికి ఆ ఒక్క మాట గొంతు దాటలేదు. పెంకు కింద పెట్టి, గుడిసె బయట మోకాళ్ల మీద తల వాల్చుకుని కూచున్నాడు.

అమ్మ చాప మీద నుంచి ఇదంతా చూసింది. పొయ్యి వంక చూసింది, పెంకు వంక చూసింది. గుంజ పట్టుకుని లేచి, తమ్ముణ్ని కొంగులో చుట్టుకుని ఎండలోకి నడిచింది. ఎవరినీ చెంబెడు నీళ్లు కూడా అడిగి ఎరగదు మా అమ్మ. నేను వెంట పరిగెత్తాను.

ఆ కన్నడం ఆవిడ గుడిసె ముందు కూచుని జొన్నలు చెరుగుతోంది. పక్కనే వాళ్ల అత్త.

"అక్కా, మా పిలగానికి జర పాలియ్యవా. సచ్చిపోయేటట్టున్నడు," అంది అమ్మ.

అత్త మొహం చిట్లించి కన్నడంలో ఏదో అంది. ఆవిడ చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కూసు కొడవ్వా," అంది. బిడ్డను ఇయ్యమని. అమ్మ చేతుల్లోంచి తనే అందుకుంది. తమ్ముడికి నోరు పట్టే ఓపిక కూడా లేదు. ఆవిడ వాడి బుగ్గ నిమిరి, పెదవుల మీద ఒక్కో చుక్క పిండుతూ కూచుంది. చాలాసేపటికి గుటక వినపడింది. అప్పుడు అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

"మీ ఆయన రెండు మాట్ల వచ్చి అగ్గి తీస్కపాయె," అంది ఆవిడ వచ్చీరాని తెలుగులో. "మీ పొయ్యి నిలుస్తలేదేమో అనుకుంటి."

అమ్మ కోలుకునేదాకా ఆవిడే పాలిచ్చింది. అత్త సణుగుతూనే ఉంది, తమ్ముడు తాగుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత కూడా ఎక్కడ గుడిసె వేసినా నాయిన ఉప్పు బదులు మానలేదు. అందుకే ఆ రోజు సంగతి నన్ను మరీ తొలిచేది. తమ్ముడు పార పట్టే వయసుకొచ్చాక, ఒక మధ్యాహ్నం ఊళ్లో నాయిన పల్లీలు ఒలుస్తుంటే పక్కన చేరి అడిగేశాను.

"అందరిని అన్నీ అడిగినోనివి, గా దినం ఎందుకు అడగలే నాయినా?"

నవ్వి తప్పించుకుంటాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలోని కాయ ఒలవకుండానే పక్కన పెట్టాడు.

"ఉప్పు మనకాడ ఉంటుండె బిడ్డా. వాళ్లు లేదన్నా నవ్వుకుంట ఇంటికొస్తుంటి. గా దినం మనకాడ లేకపాయె. లేదంటె ఏం మొకం పెట్టుకొని మీ అమ్మకాడికి రావాలె? నేను అడగనంతసేపు వాళ్లు లేదన్నట్టు గాదు గద."